హోటల్ గోడల మీది పూలు

నేను పనిచేసే హోటలు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దగ్గర. ఒక్క పూటకు దిగేవాళ్లే ఎక్కువ. తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్లు, అందుకోవాల్సిన విమానం తప్పిపోయినవాళ్లు, గల్ఫ్ నుంచి దిగి ఊరికి పొద్దున్నే బయల్దేరుదామనుకునేవాళ్లు. గదిలోకి రాగానే ఏసీ వేస్తారు, ఛార్జర్ పెట్టుకోను చోటు వెతుక్కుంటారు, పడుకుంటారు. గోడ మీద ఒక బొమ్మ ఉందని కూడా తెలియకుండానే వెళ్లిపోతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు వచ్చింది నిద్ర కోసం.

నేను అక్కడ హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ని. గదులు సర్దేది అమ్మాయిలు, సర్దింది సరిగ్గా ఉందా లేదా చూసేది నేను. దుప్పటి మడతలు, బాత్రూమ్ అద్దం మీద మరకలు, మంచం కింద దుమ్ము, అన్నీ చూశాక చివర్లో ఫ్రేము పైఅంచు మీద వేలు పెట్టి గీస్తాను. వేలికి దుమ్ము అంటితే ఆ గది మళ్లీ తుడవాలి. బొమ్మలతో నా పరిచయం అట్లా మొదలైంది. మొదట్లో నాకవి దుమ్ము పట్టే వస్తువులు, అంతకన్నా ఏమీ కావు.

అవన్నీ చేత్తో వేసిన నూనె రంగుల బొమ్మలు. హోటలు కట్టినప్పుడు అప్పటి ఓనరు ఒకే మనిషి దగ్గర అన్నీ కలిపి కొన్నాడట. పూలు, చెట్లు, నీళ్లు, మన చుట్టుపక్కల కనిపించే పెద్ద పెద్ద బండరాళ్లు. కింద మూలన చిన్న సంతకం ఉండేది గానీ ఎంత దగ్గరికి పోయినా చదవడానికి వచ్చేది కాదు.

ఒకరోజు ఒక గదిలో బీరపాదు బొమ్మ ముందు నిలబడిపోయాను. కంచె తీగ మీదికి పాకిన పాదు, నిండా పసుపుపచ్చ పూలు. మా నాయన కూరగాయలు పండించేవాడు, బీరపాదుల మధ్యే పెరిగాను నేను. పొద్దు వాలితే తప్ప బీరపూలు విచ్చుకోవు. మరి ఈ బొమ్మలో అన్నీ విచ్చుకుని ఉన్నాయి. అట్లయితే ఇది సాయంత్రం కావాలి కదా అని వెలుగు చూశాను. వెలుగు బాగా వాలి, పక్కవాటుగా పడుతోంది. ఆకులు పగలంతా ఎండకు వాడి అంచుల దగ్గర కొంచెం వేలాడుతున్నాయి. కంచెకు పాతిన రాతి కడీకి ఒక పక్క వెచ్చటి ఎరుపు, రెండో పక్క అప్పుడే చల్లబడుతున్న నీలం. ఎవరో గాని పాదు పక్కన సాయంత్రాలు కూర్చుని, చూసి చూసి వేశారు. ఊరికే ఇంట్లో కూర్చుని పసుపు చుక్కలు పెట్టేస్తే అట్లా రాదు.

ఆ రోజు నుంచి ప్రతి గదిలోనూ వేలు గీసే ముందు కొంచెంసేపు బొమ్మను చూడడం అలవాటైంది.

ఒకసారి ఒక పెద్దమనిషి దిగాడు. తనకు బొమ్మల గురించి బాగా తెలుసని మాటల్లోనే చెప్పాడు. గదిలోకి వెళ్లిన పది నిమిషాలకు ఫోన్ చేసి నన్ను రమ్మన్నాడు.

"ఈ పూలబొమ్మ తీసేయించండమ్మా. స్వీట్ షాపులో పడుకున్నట్టుంది."

తీసేశాను. అతిథి అడిగితే కాదనడం ఉండదు. దాన్ని తీసుకుపోయి దుప్పట్లు దాచే గదిలో, నేను చాయ్ తాగే కుర్చీకి ఎదురుగా ఆనించాను. అది తడిగుడ్డ మీద పోసిన జాజుల బొమ్మ. చాయ్ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. గుడ్డ తెల్లగా ఉంది, పూలు తెల్లగా ఉన్నాయి, అయినా ఒకదాంట్లో ఒకటి కలిసిపోలేదు. గుడ్డ సగం తడిసి ఉంది, సగం పొడిగా ఉంది. తడి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూపుడు వేలితో గీత గీసి చెప్పొచ్చు. ఆ పెద్దమనిషి ఖాళీ చేసి వెళ్లగానే దాన్ని మళ్లీ దాని గోడకే తగిలించాను.

ఒక వానాకాలం అదే గదిలో ఏసీ కారింది. నీళ్లు గోడ వెంట దిగి బొమ్మ వెనక్కి చేరాయి. మేం చూసేసరికి పైమూల మీద చాయ్ ఒలికినట్టు పెద్ద మరక, బొమ్మ వేసిన గుడ్డ వదులై కిందికి జారింది. రిపేరు పనులు చూసే అన్న దాన్ని చంకన పెట్టుకుని పోతుంటే ఆపాను.

"ఏడికి తీస్కపోతున్నవన్నా?"

"పాడయింది కదక్కా. పడేస్త. గిసుంటివి బజార్ల మస్తు దొర్కుతయ్."

"జర ఆగు. మేనేజర్ సార్‌ను అడుగుత."

మేనేజర్ మంచివాడు. గదికి ఏదో ఒక బొమ్మ ఉంటే చాలు, బాగు చేయించగలిగితే చేయించు అన్నాడు. ఫ్రేము వెనక అట్ట మీద అత్తాపూర్‌లోని ఫ్రేముల దుకాణం చీటీ ఉంది. ఆ దుకాణానికి ఫోన్ చేస్తే వాళ్లు బొమ్మ వేసినామె నంబరు ఇచ్చారు. అప్పటిదాకా ఎందుకో ఆ బొమ్మలు వేసింది మగమనిషి అనుకుంటున్నాను.

రెండు రోజుల తర్వాత ఆమె ఎయిర్‌పోర్టు బస్సు దిగి, మిగతా దూరం ఆటోలో వచ్చారు. అరవై దాటిన మనిషి. నేత చీర, భుజానికి బరువైన గుడ్డసంచి. కోస్తా నుంచి ఎప్పుడో భర్త ఉద్యోగం కోసం వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడ్డారట. స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. బొమ్మను చూడగానే చిన్నపిల్లకు దెబ్బ తగిలితే చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎక్కువేం పోలేదమ్మా. ఇక్కడే కూర్చుని బాగుచేస్తాను. వెలుతురున్న గది ఒకటి ఇప్పించండి."

ఖాళీగా ఉన్న ఒక గదిలో కిటికీ పక్కన పాత దుప్పట్లు పరిచి ఇచ్చాను. ఆమె కింద కూర్చుని, గుడ్డను మళ్లీ బిగించి, దూది తడిపి మరకను గోరంత గోరంత మేర తుడుస్తూ పోయారు. నా పని మధ్యలో వీలు దొరికినప్పుడల్లా వెళ్లి చూసేదాన్ని. మరక చాలావరకు పోయింది గానీ బొమ్మలోని పొడిగుడ్డ ఆ మూల వెలిసినట్టయింది. అక్కడ మళ్లీ రంగు వేయాలి. ఆమె పలక మీద రంగులు కలపడం మొదలుపెట్టారు. తెలుపు వేస్తారనుకున్నాను. నీలం, మట్టిరంగు, పసుపు, ఇంకేదో ఊదా కూడా తీశారు.

"తెల్లగుడ్డకు గిన్ని రంగులా మేడమ్?" అన్నాను.

"తెలుపు ఒక్కటే అయితే ఎంత సుఖమమ్మా!" అని నవ్వారు. "ఈ పొడి గుడ్డ తెలుపు నాకు సరిగ్గా గుర్తుకు రావట్లేదు. ఎన్నేళ్లయిందో వేసి."

నాకు తెలుపులు కొద్దిగా తెలుసు. పొద్దున లేస్తే వాటితోనే నా పని. కొత్త దుప్పటి తెలుపు వేరు, ఏళ్ల తరబడి ఉతికిన తెలుపు వేరు. బోరు నీళ్లు తగిలితే పచ్చగా తిరుగుతుంది, నీలిమందు ఎక్కువైతే చలిగా కనిపిస్తుంది. లాండ్రీకి దిగి ఒక పాత దిండు గలీబు, ఒక టవలు, రెస్టారెంటులో వాడే నేప్కిన్లు కొన్ని తెచ్చి ఆమె ముందు పరిచాను. ఆమె ఒక్కొక్కటీ బొమ్మ పక్కన పెట్టి చూశారు. ఇద్దరం నేల మీద కూర్చుని, "ఇది మరీ నీలం," "ఇది పండిపోయింది," "దీన్ని జర నీడలకు జరపండి," అనుకుంటూ చీరల దుకాణంలో బేరమాడే ఆడవాళ్లలాగా అయిపోయాం. చివరికి ఒక పాత నేప్కిన్ దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగాం.

"ఇదే," అన్నారు ఆమె. దాన్ని బొమ్మ పక్కనే పిన్నుతో గుచ్చుకుని రంగు కలిపారు.

మధ్యాహ్నం స్టాఫ్ భోజనం ఆమెకు కూడా తెప్పించాను. తింటూ బీరపాదు బొమ్మ సంగతి చెప్పాను. పూలు విచ్చుకున్నాయి కాబట్టి అది సాయంత్రమని, ఆకులు ఎండకు వాడాయని. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు.

"అది సాయంత్రమని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదమ్మా నాతో."

"మా నాయినకు బీరపాదులుండె మేడమ్. అందుకే తెల్సింది."

"కావచ్చు. కానీ చూశారు కదా."

కొంచెంసేపటికి ఆమే చెప్పడం మొదలుపెట్టారు. ఎప్పుడో సిటీలో ఆమె బొమ్మల ప్రదర్శన పెట్టారట. పేరున్న ఒకాయన వచ్చి, హాలు చుట్టూ ఒక్కసారి నడిచి, "చాలా అందంగా ఉన్నాయండీ, అంతే," అని చెప్పి వెళ్లిపోయాడట.

"అందంగా ఉన్నాయంటే నాకు సంతోషమే. అందంగా ఉండాలనే కదా వేసింది. వెనకాల ఆ 'అంతే' ఒకటి పెట్టారు చూడండి, అది చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగానే పడుతోందమ్మా. బీపీ మాత్రలు వేసుకుంటున్నాగా," అని నవ్వారు.

ఆమెతో చదువుకున్నవాళ్ల గురించి కూడా చెప్పారు. ఒకాయన క్యాలెండర్ల కోసం వాన పడే వీధులు వేసేవాడట. తడి రోడ్డు మీద సైకిల్ నీడ ఆయన వేసినట్టు ఇంకెవరూ వేయలేరని, ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుందని చెప్పారు. ఆమెకు సీనియర్ అయిన ఒకావిడ జన్మంతా ఇత్తడి చెంబుల్లో పూలే వేసింది. ఇత్తడి మెరుపులో ఎదురుగా ఉన్న కిటికీ, కిటికీలో చెట్టు కూడా కనిపించేవట. వాళ్ల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. "క్యాలెండర్ బొమ్మలు" అని ఊరుకున్నారు. ఆమె ఇదంతా చెప్తున్నప్పుడు గొంతులో కోపం లేదు. బాగా వండే బంధువుల గురించి చెప్పుకున్నట్టు ఇష్టంగా, చేతులు తిప్పుతూ చెప్పారు.

నాకప్పుడు ఒకటి అనిపించింది. భయపెట్టే బొమ్మనో బాధపెట్టే బొమ్మనో చూస్తే, వేసినవాడు చాలా ఆలోచించాడు అనుకుంటాం. అందమైన దాన్ని చూస్తే అది దానంతటదే అట్లా వచ్చిందనుకుంటాం. ఎంత కష్టపడితే కష్టం కనిపించకుండా పోతుందో గుర్తుకు రాదు. నాలుగు మూలలా దుప్పటి బిగించిన మంచం మీద పక్క వేసినవాళ్లు కనిపించనట్టే.

మర్నాడు మధ్యాహ్నానికి బొమ్మ అయిపోయింది. మరక ఎక్కడుండేదో తెలిసి కూడా నేను కనిపెట్టలేకపోయాను. పోయే ముందు ఆమె హోటల్లోని తన బొమ్మలు చూస్తానంటే, ఖాళీగా ఉన్న గదులన్నీ తాళం తీసి తిప్పాను. కొన్నింటిని చూసి తల ఊపారు. ఒకదాని ముందు మాత్రం ముఖం చిట్లించి, "ఈ బండ నీడ తప్పు వేశాను," అని గబగబా బయటికి వచ్చేశారు. ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం.

కొన్నాళ్లకు హోటలును కొత్తగా మార్చాలనుకున్నారు. సిటీ నుంచి డిజైనర్ వచ్చాడు. చిన్న వయసు, మంచిగా మాట్లాడతాడు, అందరితో కలిసి చాయ్ తాగేవాడు. గదులన్నీ తిరిగి చూసి, "మేడమ్, ఈ బొమ్మలు బాగానే ఉన్నాయి గానీ మరీ ముద్దుగా ఉన్నాయి. గదికి ఒక క్యారెక్టర్ కావాలి," అన్నాడు. వాటి బదులు బూడిదరంగు మీద నల్లగీతలున్న బోర్డులు వచ్చాయి. అవీ చెడ్డగా ఏం లేవు. దుమ్ము కూడా తక్కువ పడుతుంది.

దించిన బొమ్మలన్నీ కింద లాండ్రీ పక్కన వరసగా ఆనించారు. మేనేజర్ సార్ నన్ను పిలిచి, స్టాఫ్‌లో ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపోవచ్చు, మిగిలినవి పాత సామాను వాడికి వేసేద్దాం అన్నాడు. నేను ముందు ఆమెకు ఫోన్ చేశాను.

"మీ బొమ్మలు దించిన్రు మేడమ్. ఆటోలో ఎక్కించి మీ ఇంటికి పంపాల్నా?"



"వద్దమ్మా. మా ఇంట్లో మంచం కింద కూడా బొమ్మలే. వాటిని ఎవరైనా గోడకు పెట్టుకుంటే అదే చాలు. పెట్టుకుంటారంటారా?"

"పెట్టుకుంటరు. నేను చూస్త గదా," అన్నాను. అన్నానే గాని నమ్మకం లేదు.

మధ్యాహ్నం అందరినీ లాండ్రీ దగ్గరికి రమ్మన్నాను. మొదట ఎవరూ ముట్టుకోలేదు. "పూల బొమ్మలు ఏం జేస్కుంటమక్కా, మా ఇల్లే గింతంత," అన్నారు అమ్మాయిలు. అప్పుడు లాండ్రీలో పనిచేసే పెద్దాయన, చాలా తక్కువ మాట్లాడే మనిషి, ఒక బొమ్మ ముందు ఉలిక్కిపడ్డాడు. అది హిమాయత్ సాగర్. ఎండాకాలం నీళ్లు వెనక్కిపోయి, ఒడ్డున పగుళ్లిచ్చిన మట్టి, దానవతల సన్నటి వెలుగుచారలా నీళ్లు.

"గీడ మా నాయిన వల ఏసేటోడు," అన్నాడు వేలు పెట్టి. "గీ రాయి మీద కూసుంటుంటి నేను. ఇది నేను తీస్కపోతనమ్మా."

ఆయన తీసుకున్నాక మిగతావాళ్లు కూడా దగ్గరికి వచ్చి చూడడం మొదలుపెట్టారు. ఒక అమ్మాయి వాళ్లమ్మ శంషాబాద్ బస్టాండు దగ్గర పూలమ్ముతుంది. ఆ అమ్మాయి చామంతుల బొమ్మ ఎత్తుకుని, "మా అమ్మ ఇవి ఏ రకమో చెప్తది చూడు," అంది. షాద్‌నగర్ నుంచి వచ్చే డ్రైవరన్న సీతాఫలం చెట్లు మొలిచిన బండల బొమ్మ తీసుకున్నాడు. మా ఊరి దవాఖాన డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, పేషెంట్లు కూర్చునే గదికి రెండు పంపమంది. జాజుల బొమ్మ ఎవరు తీసుకుంటారా అని చూస్తుంటే మేనేజర్ సారే వచ్చి, "ఇది మా ఆవిడకు చూపిస్తానమ్మా," అని కారులో పెట్టించుకున్నాడు. సాయంత్రానికి గోడ ఖాళీ అయింది. పాత సామాను వాడికి ఒక్కటీ మిగల్లేదు.

బీరపాదు నేను తెచ్చుకున్నాను. మా ఇల్లు అక్కడికి దగ్గర్లోని సాతంరాయిలో. ముందు గదిలో మా ఆయన గోడకు రంధ్రం వేస్తూ, "పెరట్లనే పాదు ఉండంగ మళ్ల బొమ్మెందుకే?" అన్నాడు గానీ, తగిలించాక రెండు మూడుసార్లు వెనక్కి జరిగి సరిగ్గా ఉందా అని చూసి, మూల సవరించాడు. మా అత్త పాలు పిండుకొచ్చి, చెంబు కింద పెట్టి, బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది.

"అన్ని గుత్తిపూలే గదనే! గుత్తిపూలు కాయ పట్టవు. గీమెకు పాదు సంగతి తెల్వదు."

నాకు కోపం వచ్చింది. ఏదో అనబోయాను. అంతలో ఆమే, "ఆగాగు," అని వంగి, కింద ఆకు చాటున వేలు పెట్టింది. అక్కడ ఒంటిపువ్వు ఒకటి ఉంది. దాని కింద చిటికెనవేలంత పిందె. ఎన్నిసార్లు చూశానో ఆ బొమ్మను, నేను చూడనేలేదు.

"తెల్సు," అంది అత్త. "మంచిగ తెల్సు. ఆమెను ఓసారి మనింటికి రమ్మను."

ఒక ఆదివారం వచ్చారు. ముందు ఆమెను ఆటోలో బొమ్మలున్న ఇళ్లకు తిప్పాను. లాండ్రీ పెద్దాయన ఇంట్లో సాగర్ బొమ్మ టీవీకి పైన ఉంది. ఆయన మనవరాలు మాకు కుర్చీలు వేసి, ఏ రాయి మీద తాత కూర్చునేవాడో ఆమెకే చూపించింది. పూలమ్మే అమ్మ, అది ఏ రకం చామంతో, ఏ నెలలో దిగుతుందో చెప్పి, మూరెడు మల్లెలు తుంచి ఆమె జడలో పెట్టింది. డాక్టరమ్మ దవాఖాన ఆదివారం మూసి ఉంటే కిటికీలోంచే చూశాం. దారి పొడవునా ఆమె ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

మా ఇంటికి వచ్చేసరికి అత్త జొన్నరొట్టెలు, బీరకాయ తొక్కు చేసి పెట్టింది. తిన్నాక పెరట్లోకి తీసుకుపోయి పాదులన్నీ చూపించింది. తర్వాత తన బర్రె దగ్గర ఆగింది.

"అమ్మా, నువ్వు పూలు గీస్తవ్, చెట్లు గీస్తవ్. మా బర్రెను గీస్తవా?"

ఆమె కంగారుపడ్డారు. "నేనెప్పుడూ పశువులను వేయలేదండీ. నాకు రాదు."

"రాకుంటే ఏమాయె, నేర్సుకో. బర్రె ఏడికి పోదు."

ఆమె నా వైపు చూశారు, బర్రె వైపు చూశారు. బర్రె నమలడం ఆపి ఆమె వైపు చూసింది. అందరం నవ్వేశాం.

ఇప్పుడు ఆమె వారానికోసారి మా ఇంటికి వస్తున్నారు. నాకు సెలవున్న రోజే వస్తారు. వేపచెట్టు నీడలో ముక్కాలిపీట వేసుకుంటారు. పెరడంతా రంగుల నూనె వాసన. మొదటి రోజు వేసినదాన్ని చూసి మా అత్త, "ఇది బర్రె గాదు, రాతి గుండు," అని తేల్చేసింది. ఆమె దాన్ని గీకేసి మళ్లీ మొదలుపెట్టారు. తర్వాతి వారం మెడ కుదిరింది గానీ వెనక కాలు కుదరలేదు. బర్రె తోక ఆడించినప్పుడల్లా, "అయ్యో, కదలకే తల్లీ," అని బతిమాలుతారు. అత్త గడ్డి పరక పట్టుకుని దాని ముందు కూర్చుని, అది పక్కకు తిరగకుండా కాపలా కాస్తుంది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కాలేజీలో చేరినట్టుందని ఆమె మొన్న నాతో అన్నారు. ఇవాళ చీర అంచుకు నల్లరంగు అంటింది, ఆమెకు తెలియదు.

నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. లోపలి నుంచి మా ఆయన చాయ్ ఎవరెవరికి అని కేకేశాడు.

"నాకు వద్దు, ఇప్పుడే కాలు దొరికింది!" అన్నారు ఆమె, తల ఎత్తకుండా.